బుచ్చమ్మ నింపని గడి

బిక్షం గొంతు ఎంత పెద్దదో మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో ఎవరిని అడిగినా చెబుతారు. లోపల మిల్లు ఆడుతున్నా, బయట లారీ ఇంజన్ ఆపకపోయినా, ఆ రెండింటినీ మించి "ఏయ్, గా బస్తా ఇటు జరుపురా" అన్న మాట గేటు దాకా వినిపించేది. హమాలీల మేస్త్రీకి భుజం కన్నా గొంతు ముఖ్యమని అతని నమ్మకం. ఇంట్లోనూ అదే గొంతు. వాకిట్లో అడుగు పెడుతూనే "బువ్వ" అనేవాడు. ఆ ఒక్క మాటకు అతని పెళ్లాం బుచ్చమ్మ వంటింట్లోంచి కంచంతో బయటికి వచ్చేది. ముప్పై ఏళ్ల కాపురంలో వాళ్లిద్దరి మాటలు ఏమంత పొడుగు సాగలేదు. బువ్వ, నీళ్లు, చాయ్, తువ్వాల, తలుపు ఎయ్యి. అంతటితోనే సంసారం ఈదేశారు, కూతురు కవిత పెళ్లి చేసి కోదాడ కూడా పంపించారు.

అలాంటి మనిషికి యాసంగి వడ్లు మిల్లుకు వస్తున్న రోజుల్లో పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. దవాఖానలో ప్రాణం నిలబెట్టారు గానీ మాట నిలబడలేదు. ఉన్న మాటలన్నీ పోయి ఒక్కటే మిగిలింది: "గదే". ఆకలైతున్నదా అంటే గదే. కాలు గుంజుతున్నదా అంటే గదే. నేనెవరో ఎరుకేనా అన్నా గదే. బుచ్చమ్మ మొదట ఏడ్చింది, తర్వాత చిరాకు పడింది, ఆ తర్వాత అలవాటు పడిపోయింది. అలవాటైతే వేప కూడా తియ్యగానే ఉంటుందంటారు కదా.

తిండి సంగతి మాత్రం అలవాటు పడేది కాదు. దవాఖాన నుంచి వచ్చిన కొత్తలో మింగడం కష్టమై బిక్షం తినలేదు, సరే. ఇప్పుడు మింగుడు బాగానే పడుతోంది, అయినా తినడం లేదు. రెండు ముద్దలు తిని, ఎదురుగా కూర్చున్న బుచ్చమ్మ వైపు ఎడమ చేత్తో కంచం నెట్టేస్తాడు. చేపల పులుసు చేసినా అంతే, పప్పు చేసినా అంతే. తూకం మిషన్ మీద బస్తాలను నిలబెట్టిన మనిషిని సూర్యాపేట పెద్ద దవాఖానలో తూకం మిషన్ మీద నిలబెడితే, ముల్లు చూసి డాక్టరు పెదవి విరిచాడు.

"ఇట్లనే తగ్గుకుంట పోతే ముక్కుల నుంచి పైపు వెయ్యాల్సి వస్తదమ్మా. వచ్చే వారం సూద్దాం," అన్నాడు.

పైపు అంటే బుచ్చమ్మకు ప్రాణం గిజగిజలాడింది. పాలకీడులో ఆమె మేనమామకు అలాగే ముక్కులో పైపు వేశారు. "మల్లా తీసేస్తరు" అన్నారు. తియ్యనే లేదు, దానితోనే మట్టిలో కలిశాడు. నాలుక మీద ఉప్పూకారం తగలకుండా పోయిన మనిషిని తలచుకుంటే ఆమెకు ఇప్పటికీ ముద్ద దిగదు. పైపు పడకూడదు. ఆ వారం ఆమె పట్టుకున్న పంతం అదొక్కటే.

అదే దవాఖానలో మాట నేర్పే మేడమ్ ఒకామె ఉంది, పేరు ప్రత్యూష. చిన్నపిల్లే. బిక్షం చేత నోరు తెరిపించి, బొమ్మలు చూపించి, చాలాసేపు పరీక్ష చేసి బుచ్చమ్మను పక్కకు పిలిచింది.

"పెద్దమ్మా, ఆయనకు అన్నీ సమజైతున్నయ్. మాట లోపల ఉన్నది, బయటికి తొవ్వ దొరుకుతలేదు. మీ ఇంట్ల ట్యాబ్ ఏమన్న ఉన్నదా? బొమ్మ మీద వేలు పెడితే మాట పలికే యాప్ ఒకటి ఉంటది. నేను పేరు రాసిస్త, మీ బిడ్డకు చెప్పున్రి."

ట్యాబ్ కోదాడలో ఉంది. కరోనా నాడు బడులు మూసినప్పుడు పిల్లల పాఠాల కోసం కవిత కొన్నది. బడులు తెరిచాక దాని అవసరం తీరిపోయి, ఆమె ఇంట్లో గోధుమపిండి డబ్బా మీద దుమ్ము కొట్టుకుని పడి ఉంది. తల్లి ఫోన్ చేయగానే కవిత దాన్ని తుడిచి, ఛార్జింగ్ పెట్టి, పిల్లలను అత్తకు అప్పజెప్పి, హుజూర్‌నగర్ మీదుగా బస్సెక్కి సాయంత్రానికి దిగింది.

ఇంటికి వచ్చిన వస్తువుకు బొట్టు పెట్టకుండా వాడటం బుచ్చమ్మ ఎరగదు. ఫ్రిజ్‌కు పెట్టింది, కుక్కర్‌కు పెట్టింది, బిక్షం కొన్న పాత స్కూటర్‌కైతే నిమ్మకాయలే తొక్కించింది. కూతురు కాళ్లు కడుక్కునే లోపు ట్యాబ్‌ను దేవుడి పటాల ముందు పెట్టి దండం పెట్టింది. ముందు వైపు అంతా అద్దమే, పెడితే పాడవుతుంది. వెనక్కి తిప్పి చూస్తే మూలన గుండ్రంగా, బొట్టు కోసమే చేసినట్టు ఒక చోటు కనబడింది. పసుపు రాసి, కుంకుమ నిండుగా అద్దింది.

తెల్లారి కవిత అన్నం కంచం ముందు పెట్టి ఫొటో తీస్తే కంచమంతా ఎర్రటి మబ్బు. చెంబు తీస్తే చెంబూ ఎర్రనే.

"కెమెరా పోయినట్టుందమ్మా," అంటూ వెనక్కి తిప్పి చూసింది. "అమ్మా, దీని కంట్ల కుంకుమ పెట్టినవా?"

"అది కన్నని నాకేమెరుక? బొట్టుకు జాగ ఇడిసిపెట్టినట్టు ఉంటే పెట్టిన."

మంచం మీద నుంచి ఏదో చప్పుడు వచ్చింది. ఇద్దరూ తిరిగి చూశారు. బిక్షం నవ్వుతున్నాడు. ముఖం సగమే నవ్వుతోంది, సగం కదలడం లేదు, అయినా అది నవ్వే. మంచాన పడ్డాక అతను నవ్వడం అదే మొదలు. ఇంత కుంకుమకే నవ్వేటట్టుంటే బుచ్చమ్మ డబ్బా మొత్తం పూసేదే.

కవిత మర్నాటి దాకా ఉండి తల్లికి ఆ వస్తువు గుట్టుమట్లన్నీ చెప్పింది. ముట్టకుండా ఉంటే తెర నల్లబడిపోతోంది, బిక్షం ఎడమ చెయ్యి సాగి అక్కడికి చేరేసరికి బొమ్మలు మాయం. దానికి సెట్టింగుల్లో చాలాసేపు వెలిగి ఉండేట్టు మార్చింది. అతని వేలు ఎక్కడో తగిలి వేరే యాప్ తెరుచుకోకుండా, ఉన్నదాని మీదే నిలిచిపోయే తాళం ఒకటి ఉంటే అదీ వేసింది. గోళీల వేళకు గంట కొట్టేలా అలారం పెట్టింది. గోళీల అట్ట మీద చీమ తలకాయంత అక్షరాలను కెమెరా కింద పెట్టి, రెండు వేళ్లతో సాగదీస్తే ఎంత పెద్దగా కనబడతాయో చూపించింది. బుచ్చమ్మ మూడో తరగతి చదువుకు ఎన్నాళ్లకో మళ్లీ పని పడింది. గోళీ పేరు కూడబలుక్కుని చదివి, ఇక అది చదివి చెప్పడానికి మందుల షాపు వాడి అవసరం లేదని తేల్చేసింది.

మైకు బొమ్మ నొక్కి నోటితో అడిగినా చాలంటే ఆమె ముందు నమ్మలేదు. తర్వాత ట్యాబ్‌ను రెండు చేతులా పట్టుకుని, కొంగు సవరించుకుని, "పక్షవాతం వచ్చినోళ్లు చేతికి ఏం కసరత్తులు చెయ్యాలె, జర సూపియ్యి బిడ్డా," అంది. అది చూపించింది.

"బిడ్డా అనకపోయినా చూపిస్తుందమ్మా," అని కవిత నవ్వింది.

"అంటే నాదేం పోతది? చూపిస్తుందంట, చూపిస్తుంది. కోదాడ పోయినంక నీ మాట ఏటి అవతల ఆంధ్రోళ్ల లెక్క తిరిగింది పో."

ఇక అసలు యాప్. తెర నిండా గళ్లు. ఒక్కో గడిలో ఒక బొమ్మ, నొక్కితే మాట. అందులో ముందే ఉన్న బొమ్మలు ఎక్కడివో, ఏ దేశపు పళ్లో, ఏ దేశపు రొట్టెలో. పలికే గొంతు టీవీలో వార్తలు చదివినట్టు "నాకు దాహముగా ఉన్నది" అంది. బిక్షం ముఖం చిట్లించాడు. కవిత వాటన్నింటినీ తీసేసి, గడి మీద వేలు అలాగే ఒత్తి పట్టుకుంటే మన ఫొటో, మన గొంతు పెట్టుకోవచ్చని కనిపెట్టింది.

"నాయిన రోజూ ఏమేం మాట్లాడేటోడో చెప్పమ్మా. గవే పెడదాం."

బుచ్చమ్మకు ఆలోచించే పనే లేదు. కంచం ఫొటో తీసి "బువ్వ" అని పెట్టారు. చెంబు తీసి "నీళ్లు". గ్లాసు తీసి "చాయ్". తువ్వాల, టీవీ, ఫ్యాను, తలుపు, చెప్పుకోలేని పనికి స్టీలు బకెట్. గొంతు బుచ్చమ్మదే. బిక్షం ఎలా అనేవాడో అలాగే, గట్టిగా, కసిరినట్టు అంది. ముప్పై ఏళ్లుగా విన్న మాటలు, ఒక్కదానికీ తడుముకోలేదు. చివరికి ఒక గడి మిగిలింది.

"ఇంకేం అంటడు నాయిన?"

బుచ్చమ్మ చాలాసేపు ఆలోచించింది. "ఇంకేం అనడు," అంది.

"అయితే ఖాళీగ ఉండనియ్యి. యాదికొచ్చినప్పుడు నువ్వే పెట్టుకో," అని చెప్పి కవిత మధ్యాహ్నం బస్సుకు వెళ్లిపోయింది.

ఆ రోజు నుంచి ఇంట్లో మళ్లీ హుకుంలు మొదలయ్యాయి. "చాయ్" అంటుంది ట్యాబ్. బుచ్చమ్మ పొయ్యి మీద గిన్నె పెడుతుంది. "ఫ్యాను" అంటుంది. లేచి వేస్తుంది. విచిత్రమేమిటంటే ఆ గొంతు తనదే. తన గొంతే తన మీద పెత్తనం చేస్తుంటే ఆమెకు ఒక్కోసారి ఒళ్లు మండేది. "వస్తున్న ఆగవే," అని ట్యాబ్‌నే కసిరేది. పక్కింటి ఐలమ్మ ఆ తమాషా చూడటానికే రోజూ వచ్చి కూర్చునేది. అయినా బుచ్చమ్మకు లోపల ఒక ధైర్యం. మనిషి అడుగుతున్నాడు, తను ఇస్తోంది. ఇక తిండి కూడా అడిగి తింటాడు, పైపు గండం గడుస్తుంది.

అడగడం అడిగాడు. పొద్దెక్కే వేళకు "బువ్వ" అని నొక్కాడు. ఆమె పరుగున అన్నం, పప్పుచారు కలిపి తెచ్చింది. రెండు ముద్దలు తిన్నాడు, కంచం ఆమె మీదికి నెట్టాడు, మళ్లీ "బువ్వ" నొక్కాడు. కంచం ముందే ఉంది కదా. చూపించింది. మళ్లీ నెట్టాడు. మళ్లీ "బువ్వ". ఆపైన వేలు జరిపి ఖాళీ గడి మీద పెట్టి టకటకా కొట్టాడు. అందులో మాట లేదు, అది పలకదు. "గదే, గదే," అని అతనే పలికాడు.

మరునాడూ అంతే. ఆ మరునాడూ అంతే.

ఖాళీ గడిలో ఉండాల్సింది ఏదో తను మరిచిపోయిందని బుచ్చమ్మకు అర్థమైంది. ఆ ఒక్కటీ పెడితే అన్నం తింటాడు. ఏమిటది? కొత్తిమీర పచ్చడి చేసి ఫొటో తీసి పెట్టింది. కాదన్నాడు. ఎండుచేప పెట్టింది. కాదు. బీడీ అయ్యుంటుందని, "మాట పెడత గని బీడీ మాత్రం ఇయ్య, డాక్టరు తంతడు," అని ముందే షరతు చెప్పి బీడీ కట్ట పెట్టింది. చెయ్యి ఊపేశాడు.

"కల్లు, వదినె," అంది ఐలమ్మ తేల్చేసినట్టు. "మొగోడు ఇంతగనం తపించేది ఇంకేముంటది? మా ఇంట్ల సీసా ఉన్నది, దాని ఫొటో తీసుకో."

తీసి పెట్టారు. బిక్షం ఆ సీసా బొమ్మను చూసి, ఐలమ్మను చూసి, మళ్లీ ఆ సగం నవ్వు నవ్వాడు. నొక్కలేదు.

మిల్లులో అతని కింద పనిచేసే పెద్దయ్యకు ఫోన్ చేసి మిల్లు ఫొటో పంపించమంది. అతను గేటు, బస్తాల దొంతర, దాని ముందు కొక్కేలు పట్టుకుని నిలబడ్డ హమాలీలందరినీ కలిపి తీసి పంపాడు. బిక్షం దాన్ని చాలాసేపు చూశాడు. ఎడమ చేత్తో కళ్లు తుడుచుకున్నాడు. బుచ్చమ్మ గుండె చెరువైంది, ఇదే అనుకుంది. కానీ కాసేపటికి అతను తల అడ్డంగా ఊపి, కంచం నెట్టి, ఆ గడి మీద మళ్లీ వేలితో కొట్టాడు.

వారం తిరిగి సూర్యాపేట వెళ్తే ముల్లు ఇంకా కిందికే దిగింది. డాక్టరు కోప్పడలేదు. నెమ్మదిగా, "సోమవారం వచ్చి చేరున్రి. పైపు వేద్దాం," అన్నాడు. బుచ్చమ్మ బిక్షాన్ని పట్టుకుని ప్రత్యూష గదిలోకి వెళ్లి బెంచీ మీద కూలబడింది. ట్యాబ్ తీసి ముందు పెట్టి జరిగిందంతా చెప్పింది. పచ్చడి నుంచి కల్లు సీసా దాకా ఏదీ దాచలేదు.

ప్రత్యూష గళ్లన్నీ ఒకటొకటే నొక్కి విన్నది.

"అన్నీ మంచిగనే పెట్టిన్రు పెద్దమ్మా. రెండు సంగతులు సూడున్రి. ఒకటి, ఇదిగో, ఒక బొమ్మ నొక్కినంక ఇంకోటి నొక్కితే రెండూ పైన వరసల పడతయ్. గీ మూల నొక్కితే రెండూ కలిపి పలుకుతది. ఒక్క మాటతోని అన్నీ చెప్పలేం గద. రెండోది, ఫొటోలన్నీ మీరే తీసిన్రు. కెమెరా తెరిచి ఆయన చేతికి ఇచ్చి సూడున్రి. ఆయనకేం కావాల్నో ఆయననే తీసుకుంటడు."

బిక్షం ఆ రెండూ శ్రద్ధగా చూశాడు. బస్సులో ఇంటికి వస్తున్నంత సేపూ ట్యాబ్ ఒళ్లోనే పెట్టుకున్నాడు.

మరునాడు పొద్దున్నే బుచ్చమ్మ అతన్ని దిండుకు ఆనించి కూర్చోబెట్టి, కెమెరా తెరిచి, ఎడమ చేతి కింద దిండు ముక్క ఎత్తు పెట్టి తన పనిలో పడింది. అతని మంచం ముందు గదిలో, వాకిలికీ వంటింటికీ మధ్య ఉంటుంది. అక్కడి నుంచి ఇల్లంతా కనబడుతుంది. ఇంట్లో మూలలు కూడా తక్కువే మరి. పొద్దుటి నుంచి టిక్కు టిక్కుమని చప్పుడు వినబడుతూనే ఉంది. ఆమె పట్టించుకోలేదు. బట్టలు ఉతికింది, అంట్లు తోమింది, అతనికి ఒళ్లు తుడిచింది, కాలికి నూనె పట్టించింది, వండింది, తినిపించబోయింది, రెండు ముద్దలతో సరిపెట్టుకుంది, కంచం కడిగింది. పొద్దు వాలుతుండగా చేతులు తుడుచుకుని వచ్చి ట్యాబ్ అందుకుంది.

మొదటివి పనికిరానివి. ఫ్యాను రెక్క, అతని కాలి బొటనవేలు, తలుపు మూల. తర్వాతవి చూసి ఆమె ఆశ్చర్యపోయింది. అన్నింట్లోనూ తనే. బట్టలు పిండుతున్న తను. పొయ్యి ముందు వంగిన తను. చీపురుతో తను. సగం తల తెగిపోయి తను, చెయ్యి మాత్రమే పడ్డ తను. తన బతుకు మొత్తంలో ఇన్ని ఫొటోలు ఎవరూ తీయలేదు. చివరిది ఒకటి వంకరగా ఉన్నా స్పష్టంగా ఉంది. వంటింటి గుమ్మంలో నిలబడి, కుండ అడుగున మాడిన అన్నం గోకి నోట్లో వేసుకుంటూ ఉంది. జుట్టు రేగి, కొంగు నడుముకు చుట్టి, దొంగతనం చేస్తూ దొరికిపోయిన మనిషిలా ఉంది.

"థూ, గిసొంటియి తీస్తరా ఎవలన్న," అంది సిగ్గుతో.

బిక్షం వేలు సరిగ్గా ఆ ఫొటో మీదే పెట్టాడు. పెట్టి, ఆ చివరి గడి చూపించాడు.

"ఇదెందుకు? కవిత పెండ్లిల పట్టుచీర కట్టుకున్నది ఉన్నది, అది పెడత."

"గదే," అన్నాడు. ఈసారి ఆ మాటకు అర్థం ఉంది. అదే కావాలి, ఇంకోటి వద్దు.

సరే, మొగుడికి పిచ్చి పట్టిందనుకుని పెట్టింది. మాట ఏం పెట్టాలి? తన ముఖం కనుక తన పేరే. "బుచ్చమ్మా" అని అతను పిలుస్తున్నట్టుగా పిలిచి పెట్టింది. పిలవాలన్నదే అతని కోరిక కాబోలు, పాపం, అనుకుని కాస్త తేలికపడింది కూడా.

మరునాడు, సోమవారం ఇంకా రెండు పొద్దులుందనగా, ఆమె అన్నంలో పెరుగు కలిపి తెచ్చి ఎదురుగా కూర్చుంది. అతను నోరు తెరవలేదు. ట్యాబ్ దగ్గరికి లాక్కుని, తన వేలితో ఒక గడి నొక్కాడు, ఇంకో గడి నొక్కాడు, ప్రత్యూష చూపించిన మూల నొక్కాడు.

"బుచ్చమ్మా. బువ్వ," అంది ట్యాబ్.

"తెచ్చిన గదయ్యా. ఇదిగో."

కంచం నెట్టాడు. మళ్లీ మూడు చోట్లా వేలు పెట్టాడు.

"బుచ్చమ్మా. బువ్వ."

"నీ ముంగటనే ఉన్నది. తిను."

నెట్టాడు. "బుచ్చమ్మా. బువ్వ."

ఆమెకు ఓర్పు తెగింది. చేతిలో ముద్ద కంచంలో పడేసింది. "ఏం గావాలె నీకు? పులుసు అంటే పులుసు చేస్తిని, పచ్చడి అంటే పచ్చడి చేస్తిని, కల్లు సీసా బొమ్మ గూడ తెచ్చి పెడితిని. సోమారం నాడు పైపు ఏస్తరు, ఎరుకేనా? ముక్కుల పైపు పెట్టుకొని పంటవా? నాతోని గాదు ఇగ. నేనేం జెయ్యాల్నో నువ్వే చెప్పు." అంటూనే ఏడ్చేసింది. ఇన్నాళ్లూ అతని ముందు ఏడవకూడదని బిగబట్టుకున్నదంతా ఒక్కసారి కట్ట తెంచుకుంది.

బిక్షం ఆమె ఏడుపు ఆగేదాకా చూశాడు. తర్వాత ఎడమ చెయ్యి కంచం అంచుకు ఆనించి, నెమ్మదిగా, పెరుగు ఒలకకుండా నెట్టాడు. మంచం అంచు దాకా వచ్చి ఆమె మోకాలికి తగిలింది. అక్కడ ఆపాడు. చెయ్యి ఎత్తి ఆమె నోటి వైపు చూపించాడు. తర్వాత ట్యాబ్‌లో ఆ ఫొటో, నిలబడి మాడుగు తింటున్న ఆమె ఫొటో చూపించాడు.

అప్పుడు తెలిసింది బుచ్చమ్మకు.

ముప్పై ఏళ్లు అతను పొద్దు పొడవకముందే మిల్లుకు పోయాడు, పొద్దుగూకాక వచ్చాడు, "బువ్వ" అన్నాడు, తిన్నాడు, పడుకున్నాడు. ఆ తర్వాత ఆమె తిన్నదో లేదో, ఏం తిన్నదో అతనికి తెలియదు. మొగుడు తిన్నాక ఆడది తినాలని ఆమెకు తల్లి చెప్పింది, తల్లికి వాళ్ల తల్లి చెప్పింది, అందులో అడగాల్సింది ఏముంటుంది? ఇప్పుడు మంచాన పడి, పొద్దంతా ఇల్లంతా కనబడే చోట కూర్చుని, అతను మొదటిసారి చూశాడు. తనకు తినిపించడం, కడగడం, తుడవడం అయ్యేసరికి ఆమెకు పొద్దు వాలిపోతోంది. అప్పుడు కుండలో ఏముంటే అది, నిలబడే. ఆ కంచం ఇన్నాళ్లూ అతను వద్దని నెట్టలేదు. ఆమెకు ఇస్తున్నాడు. అతను అంటూ వచ్చిన మాటలన్నీ ఆమె వెతికి వెతికి గళ్లలో పెట్టింది. అతను చెప్పాలనుకున్నది ఇంతకుముందు ఎన్నడూ అనని మాట. అది ఆమెకు ఎలా గుర్తొస్తుంది?

బుచ్చమ్మ లేచి వంటింట్లోకి వెళ్లింది. ఇంకో కంచం తెచ్చుకుంది. మొగుడి ఎదురుగా కంచం పెట్టుకుని తినడం ఆమెకు చేతకాలేదు, కాస్త పక్కకు తిరిగి కూర్చుంది. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది. నీళ్లు తాగి దింపింది. అతను ఆమె చేతిని, నోటిని, కంచాన్ని లారీలోకి ఎక్కే బస్తాలను చూసినట్టు కన్నార్పకుండా చూశాడు. ఆమె నాలుగు ముద్దలు తిన్నాక తృప్తిపడి నోరు తెరిచాడు. అతనికొక ముద్ద, తనకొక ముద్ద. పెరుగన్నం అయిపోయింది. ఆమె మళ్లీ వెళ్లి కలుపుకొచ్చింది. అదీ అయిపోయింది.

సోమవారం సూర్యాపేటలో ముల్లు పైకి లేవలేదు కానీ కిందికీ దిగలేదు. డాక్టరు కంచంలో ఎంత మిగులుతోందని అడిగాడు. "ఏం మిగుల్తలేదు," అంది బుచ్చమ్మ. అతను పైపు మాట పక్కన పెట్టి మళ్లీ పదిహేను రోజులకు రమ్మన్నాడు.

ఇంటికి వచ్చాక ఆమె ఆ గడి మీద వేలు ఒత్తి పట్టి పాత మాట తీసేసింది. అక్కడ ఉండాల్సిన అసలు మాట పెట్టాలి. ఇన్ని మాటలు అతనిలా అనగలిగిన మనిషికి ఇది మాత్రం ఎలా అనాలో తెలియలేదు. అతను ఈ మాట అనగా ఎన్నడూ వినలేదు కదా. మొదటిసారి కసిరినట్టు వచ్చింది, తీసేసింది. రెండోసారి ఏడుపు వచ్చింది, అదీ తీసేసింది. చివరికి ఎలా వస్తే అలా అంది.

మరునాడు ఆమె వాకిట్లో బట్టలు పిండుతుంటే లోపలి నుంచి ట్యాబ్ పలికింది.

"బుచ్చమ్మా, తిన్నవా?"

ఆ ప్రశ్నకు ఆమె నాలుక చివర జవాబు ఎప్పుడూ తయారుగా ఉంటుంది. కవిత ఫోన్‌లో అడిగినా, ఐలమ్మ గోడ మీంచి అడిగినా, కుండలో ఏమీ లేకపోయినా అదే జవాబు. "ఆ, తిన్న తిన్న," అంది తల ఎత్తకుండానే.

మంచం మీద నుంచి పొయ్యి కనబడుతుంది. పొయ్యి మీద కుండకు పెట్టిన మూత పెట్టినట్టే ఉంది.

"బుచ్చమ్మా, తిన్నవా?" అంది ట్యాబ్ మళ్లీ.

ఆమె పిండుతున్న చీరను బకెట్‌లోకి వదిలేసింది. చేతులు కొంగుకు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"తినలేదయ్యా," అంది. "ఆకలైతున్నది."